రైలుపట్టా ముక్క

నేను బోధకుణ్ణి కాదు.
పొదిలి బస్టాండు పక్కన గడియారాలు బాగుచేస్తాను.
ఆ పని కూడా పోతోందని తెలిసే
నన్ను పిలిచింది కాబోలు ఎలీసమ్మ.
"మా గుడి ఆగిపోయిందబ్బయా, ఒకసారి చూసిపో" అంది,
గోడ గడియారం గురించి చెప్పినట్టే.

రాళ్లవాగుపాడు.
ఆటో దిగి చిల్లకంపల మధ్య అర మైలు.
గుడి నిండా మేకలు.
ప్రసంగ పీఠం కింద ఈనిన తల్లిమేక
నన్ను చూసి లేవనైనా లేవలేదు.
దొరల కాలం నాటి పెంకుల్లోంచి
ఆకాశం పదమూడు చోట్ల కనబడుతోంది.
లెక్కపెట్టాను. చేతిపని అలవాటు.

ఆ ఆదివారం ఏడుగురం.
వినబడనివాళ్లను తీసేస్తే నలుగురం.

కుర్రాళ్లు చీమకుర్తి క్వారీలకు పోయారు,
ఆడవాళ్లు పొగాకు గ్రేడింగుకి.
మిగిలినవాళ్లు హైవే మీది రేకుల షెడ్డుకి.
అక్కడ కీబోర్డు ఉంది, పెద్ద మైకు ఉంది,
రోగాలు పోతాయంటారు,
ప్రార్థనయ్యాక బిర్యానీ ఉంది.
ఆకలిగొన్నవాడికి సిద్ధాంతం చెప్పేంతటివాణ్ణి కాను.

ట్రంకు పెట్టెలో సంఘపు దస్తరం.
చెదలు అంచులు తిన్నాయి, పేర్ల దాకా రాలేదు.
నూట నలభై మూడు పేర్లు.
"ఈ కొర్నేలి ఎవరు?" అన్నాను.
వాకిట్లో మేకల కర్ర కదిలింది.
"నేనే. రేషను కార్డులో కోటయ్యని.
ఆ పేరుతో పిలిచి ఇరవయ్యేళ్లయింది."
మేకలు లోపల, ఆయన బయట.
గడప దాటలేదు.

ఎందుకని అడిగితే అందరూ చాపలు చుట్టారు.
ఆటో కోసం నిలబడ్డప్పుడు ఎలీసమ్మ చెప్పింది:
రాహేలు పోయిన రోజు
సమాధుల దొడ్లో జాగా లేదన్నారు పెద్దలు.
జాగా ఉంది. ఏదో పాత తగాదా.
వాగొడ్డున పూడ్చుకున్నాడు.
ఆ కార్తీకంలోనే తుఫాను పట్టింది.
ఆ పైన ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆగిన గడియారాన్ని ఊపకూడదు.
పని తెలియనివాళ్లు ఊపుతారు,
నాలుగు టిక్కులు కొట్టి మళ్లీ పడుకుంటుంది.
వెనక మూత తీయాలి,
ఏనాటి నూనె ఎక్కడ గడ్డకట్టిందో చూడాలి.

మరుసటి వారం ప్రసంగం లేదు.
దస్తరం తెరిచి పేర్లు చదివాను.
ఒక్కో పేరుకి ఎవరో ఒకరు పలికారు:
క్వారీ. హైదరాబాదు. మంచంలో ఉంది.
షెడ్డు. చచ్చిపోయె. షెడ్డు.
"కొర్నేలి భార్య రాహేలు" అన్నాను.
ఎవరూ పలకలేదు.
దూడేదో అరిచింది ఎక్కడో.

అప్పుడు లేచాడు పెద్దాయన ఏసోబు,
ఎనభై దాటినవాడు, బండ చెవుడు,
ఆనాడు జాగా లేదన్న నోరు ఆయనదే.
కర్ర ఊతంతో గడప దిగి
కోటయ్య ఎదట నిలబడ్డాడు చాలాసేపు.
ఏం చెప్పాడో నాకు వినబడలేదు.
ఆయనకూ వినబడి ఉండదు.

పదిహేను రోజులకి క్వారీ కుర్రాడు తిమోతి
పనికిరాదని పారేసిన నల్లరాయి ముక్క ఒకటి
మోటారు సైకిలు మీద తెచ్చాడు.
మీద రాహేలు అని చెక్కాడు, ఏత్వం కాస్త వంకర.
సమాధుల దొడ్లో తూర్పు మూల పాతాం.
కింద ఏమీ లేదు.
ఆ ఏమీ లేనితనం చుట్టూ
నలభై మంది నిలబడ్డారు, షెడ్డువాళ్లతో సహా.

నలభై మందీ ఉండిపోలేదు. అబద్ధమెందుకు?
పోయిన వారం పందొమ్మిది.
ఆడవాళ్లు పూటకో పిడికెడు బియ్యం
మళ్లీ కుండలో వేస్తున్నారు,
ఆ డబ్బుతో తొమ్మిది పెంకులు పడ్డాయి.
నాలుగు చోట్ల ఇంకా ఆకాశమే.
వానొస్తే మేకలు లోపలికొస్తాయి, ఎవరూ తోలరు.

వేపకొమ్మకి వేలాడే రైలుపట్టా ముక్కే మా గంట.
కొర్నేలి ఇనప బోల్టుతో కొడతాడు
ప్రార్థనకి రమ్మని, తొమ్మిదింటికని.
నా చేతి గడియారం చూసుకుంటాను.
ప్రతి ఆదివారం పదకొండు నిమిషాలు ఆలస్యం.

నేను సరిచేయలేదు.