దిండు గలీబు

నిరుటి కాలెండర్‌లో జనవరి కాగితం తిప్పి
పెన్సిల్‌తో నాలుగు గళ్ళు గీశాను:
తేదీ, పూసింది, ధర, ఏమైంది.

మొదటి వరసలో అయిదు రూపాయల శాషే.
ఏమైంది అన్న గడిలో "ఏం కాలేదు" అని రాసుకున్నా.
రెండోది ముల్తానీ మట్టి.
ఆరేసరికి మొహం వేసవి రెగడి చేను,
నవ్వితే పెళ్ళలు రాలినై.
మూడో వరసలో పిన్నమ్మ చెప్పిన టూత్‌పేస్టు.
దాని గురించి వద్దులే.

"వేడి చేసిందే నీకు" అంటది పక్కింటి దీవెనమ్మ,
"పెళ్ళయితే అయ్యే పోతయ్" అంటది ఆమె కోడలు
తన చెంప మీదివి పమిటతో ఒత్తుకుంటా.

పొదిలి బోరు నీళ్ళకి సబ్బు లొంగదు.
కుళాయి మూతికి సున్నపు గడ్డం,
బకెట్ అడుగున తెల్లటి చార.
ఏ ఫేస్‌వాష్ కొన్నా ఆ నీళ్ళ దగ్గరే ఓడిపోయేది.
ఒక రాత్రి దొంగలా తాగే క్యాను వంచి
రెండు గ్లాసులతో మొహం కడిగాను.
మొదటిసారి నా చెంప మీద నురగ నిలబడింది.
అమ్మ చూడనే చూసింది.
"క్యాను పదిహేను రూపాయలు సలోమీ,
మొహానికి తాగిస్తన్నావా?"
తెల్లారి చూస్తే చిన్న చెంబుతో నీళ్ళు, పైన మూత.
ఆమె అప్పటికే పొగాకు గ్రేడింగుకి పోయింది.

నా పని బస్టాండు ఎదురు ఫొటో స్టూడియోలో.
ఎనిమిది కాపీలు అరవై.
ఊళ్ళో మొహాల మీద మొటిమలు తీసేది నేనే.
పక్కనున్న నున్నటి చోటు అద్దెకు తెచ్చి
పొక్కు మీద ఒక్క క్లిక్.
సోమవారం సంతనాడు నలభై దాకా తీసుంటాను.
ఇంటికొచ్చి మాత్రం
గడ్డం కింద ఒకేఒక్కదాన్ని
ఆరు వారాలుగా బతిమాలుతున్నాను.

మందుల షాపు గురవయ్య చీటీ అడక్కుండా ట్యూబు ఇచ్చాడు.
నాలుగు రోజులు గాజు బుగ్గలు.
స్టూడియోలో లైటు కింద నిలబడి
నా ఫొటో నేనే తీసుకున్నాను, ఒక్క క్లిక్కూ అక్కర్లేకుండా.
నెల తిరిగేసరికి
ఎండలో అడుగు పెడితే పచ్చిమిరపకాయ రుద్దినట్టు మంట.
ఒంగోలు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆ ట్యూబును
తోక పట్టుకుని ఎలకను ఎత్తినట్టు ఎత్తింది.
వేరేది రాసిచ్చి వేలి కొస చూపించింది:
"కందిగింజంత. రాత్రిపూట. అంతే."

నాకు కందిగింజ చాలదనిపించి
చిక్కుడు గింజంత పూసుకున్నాను.
తెల్లారి చూస్తే నీలం దిండు మీద
నా చెంప అచ్చు, తెల్లగా.
అమ్మ గలీబు ఎత్తి వెలుతురులో పట్టి
"మచ్చలు పోయినై గానీ,
గుడ్డకి పోయినై" అంది.
ఇద్దరం నవ్వాం. నాకు పెదవి పగిలి కాస్త నెత్తురొచ్చింది.

మొన్న పోలీసు సెలక్షన్లకని కుర్రాడొకడు వచ్చాడు, ఖాజావలి,
దర్శి అవతలి పల్లె.
నుదుటి మీద మూడు. అలవాటుగా తీసేశాను.
స్క్రీన్ చూసి కుర్చీ ముందుకు జరిపాడు.
"అక్కా, అయ్యి ఉండనీ.
అక్కడ నిలబెట్టి ఇది నువ్వు కాదు పొమ్మంటే?"
మూడూ తిరిగి పెట్టాను.
తీసినంత సేపు కూడా పట్టలేదు.

రాత్రి అమ్మ వచ్చింది, చేతుల నిండా ఘాటు.
నా గడ్డం పట్టుకుని ట్యూబులైటు వైపు
ఆకును తిప్పినట్టు అటూ ఇటూ తిప్పింది.
ఏ రకమో చెప్పలేదు.
"చెంబులో నీళ్ళున్నయ్" అంది.

కాలెండర్‌లో పంతొమ్మిదో తేదీ:
కందిగింజంత. నలభై ఎనిమిది రూపాయలు.
రెండు ఆరినై, కొత్తది ఒకటి.
దిండు తిరగేసి పడుకున్నాను.
అటు వైపు ఇంకా నీలమే.