ఏడు టికెట్ల గ్రహం

శుక్రవారం మార్నింగ్ షో.
క్రాస్ రోడ్స్‌ల గా టాకీసు ఇప్పుడు లేదు, పేరెందుకు.
ఏడు టికెట్లు తెగినయి.
టికెట్ లేని ఎనిమిదోడు గేట్‌కీపర్ తమ్ముడు,
ఫ్యాను కింద పండుకున్నడు.

సినిమా పేరు ‘అందుతుందా’.
పోస్టర్ మీద హీరో లేడు.
కారుకు కప్పే వెండి కవరు కుట్టి తొడుక్కున్న ఒక ఆడామె,
తలకు ఇరవై లీటర్ల నీళ్ల క్యాను.

నేనెందుకు పోయిననంటే
ఓడ లోపలి బోర్డులు నావి.
కోఠి గుజరాతీ గల్లీల నా దుకాణానికి
నుజ్హత్ అనే పిల్ల, కెమెరా పట్టే అయిలేషు వచ్చి
చచ్చిపోయిన టీవీల పేగులు కిలోల లెక్కన అడిగిన్రు.
“ఏం జేస్తరమ్మా?” అంటే
“అంతరిక్షం, అంకుల్” అన్నది.
ఎనభై రూపాయలు తక్కువ ఇచ్చింది. ఇంకా బాకీనే.

కథ ఇంతే.
ఓడ పాడైంది. గుండు మీద గుండు, గుండు మీద గుండు,
గా రాళ్ల గ్రహం మీద ఆమె ఒక్కతే.
రోజూ రాత్రి భూమికి ఒక్క మాట పంపుతది: అందుతుందా?
ఓడకు గొంతు ఇచ్చింది రైల్వేల రిటైరైన అనౌన్సరమ్మ.
“దయచేసి వినండి.
భూమి నుండి రావలసిన జవాబు
నిర్ణీత సమయం కన్న పదకొండేండ్లు ఆలస్యముగా నడుచుచున్నది.
మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.”
ముందు వరుస పోరగాండ్లు ఈలలేసిన్రు.
నేను గూడ నవ్విన.
తర్వాత ఆమె చీకట్ల కూర్చొని
గా ముక్కనే మళ్ల మళ్ల వినుకుంట ఉంటే
నవ్వు గొంతుల్నే ఆగిపోయింది.

తప్పులు లేవని అంటలేను.
ఇంజను చప్పుడు చిక్కడపల్లి పిండి గిర్నిది,
గోధుమలు పడ్డప్పుడల్లా రాగం మారుతది.
ఒకచోట మైకు నీడ రాయి మీద పాకింది.
రెండు సూర్యుళ్లల్ల ఒకటి హాలోజన్ బల్బు,
దాని చుట్టు పురుగులు.
ఇగ కుక్క.
ఏ జీవీ లేని గ్రహం అని అప్పుడే చెప్పిన్రా,
ఊరకుక్క ఒకటి తోకూపుకుంట ఫ్రేములకు వచ్చింది.
వేరేటోళ్లయితే కోసేటోళ్లు.
ఆమె ఓ క్షణం చూసింది.
వంగి, లెక్కబెట్టి దాచుకున్న బిస్కెట్ల నుంచి
సగం విరిచి పెట్టింది.
క్యాను లోపట ఊపిరి మబ్బు పట్టింది,
మొహం కనబడలే.
కోట్లు పోసి తీసినయి చూసిన, గ్రహాలు పేలంగ చూసిన,
గట్ల ఏ గ్రహం మీద మనిషిని చూడలే.

ఆఖరుకు బ్యాటరీ అడుగంటింది.
హీటరా, రేడియోనా? ఒక్కటే నడుస్తది.
ఆమె హీటరు బందు చేసింది.
తెర నిండ నా బోర్డు.
మూడో కెపాసిటర్ పక్కన
తొందరల నేను పెట్టిన వంకర టంకం బొట్టు.
నా రాత నాకు తెల్వదా.
ఎర్ర లైటు ఎలుగుతది, ఆరుతది,
ఎలుగుతది.

సోమవారం సినిమా ఎత్తేసిన్రు.

మొన్న ఖాజాగూడల ఇన్వర్టరు చూడమంటే పోయిన.
ఇరవై మూడో అంతస్తు.
బాల్కనీల నిలబడి చూస్తే
దర్గా దిక్కు మిగిలిన గుట్ట ముక్క,
గుండు మీద గుండు,
పడతా పడతా అనుకుంట పడకుండ.
గప్పుడు సమజైంది,
నేను నిలబడ్డది గా గ్రహం మీదనే.
ఓడ దిగిన జాగను పేల్చి పునాది తీసిన్రు.
రెండు వందల యాభై కోట్ల ఏండ్ల రాళ్లు
ఏడుగురు చూసిన సినిమాల తప్ప ఎక్కడ లేవు.

వేళ్ల మీద లెక్కబెట్టిన. పదకొండేండ్లు.
లోపలి నుంచి ఇంటామె “అయిందా?” అన్నది.
“అందింది” అన్న.
ఆమెకు అర్థం కాలే. ఫ్యూజు పెట్టిన.

నుజ్హతమ్మా, యాడున్నవో,
గా ఎనభై రూపాయలు మాఫీ చెయ్య.
వచ్చి ఇచ్చి పో.
ఇంకో బస్త బోర్డులు తీసిపెట్టిన.