ఎడమ మూడు, కోయొద్దు

కారుకి ఒక పెయ్యదూడ ధర పడింది.
దాని కడుపులో ఇనుప పంజరం బిగించడానికి
మరో మూడు పెయ్యల ధర.
ప్యాకీ వాళ్ళ పశువుల కొట్టంలో
నాలుగు దిమ్మెల మీద నిలబెట్టాం.
అక్టోబరు నుంచి డొనెగాల్ వాన
రేకుల మీద శనగలు గుమ్మరిస్తూనే ఉంది.

యూనన్ తెల్లారుజామున రొట్టెల బండి తోలతాడు.
సాయంత్రం వచ్చి, గోళ్ళలో పిండి అలాగే ఉండగా
బ్రేకు గొట్టాలు విప్పుతాడు.
ఏ నట్టు చూసినా తెల్లటి వేలిముద్ర.
రోషీన్ ఆసుపత్రిలో కుట్లు వేసే పిల్ల.
సీటుబెల్టు కొక్కేన్ని మూడుసార్లు గుంజి
"ఇంకొక్కసారి, ఏడవకండి" అంటుంది.
నేను చేపల ఫ్యాక్టరీలో పెట్టెలు లెక్కపెట్టేదాన్ని.
లెక్క తప్పనని పక్క సీటిచ్చారు.
ధైర్యం చూసి మాత్రం కాదు.

ఆదివారం, దారి రాసుకోడానికి వెళ్ళాం.
ఆ రోజు దూకుడు పనికిరాదని రూలు.
ముందు ఒక ట్రాక్టరు, దాని వెనక పేడ,
పేడ వెనక మేము.
యూనన్ చెబుతుంటే నేను రాస్తున్నాను:
కుడి అయిదు, ఎనభై గజాలు, గట్టు మీద గాలి.
ఎడమ నాలుగు, ఇల్లు.
వంతెన, ఎగురుతుంది, నోరు మూసుకో.
ఆ చివరిమాట నాకు నేను రాసుకున్నది.
అంకె తగ్గేకొద్దీ మలుపు ముదిరినట్టు.
పెన్సిలే వాడాలి, సిరా ఈ దేశపు తడికి తట్టుకోలేదు.

రాత్రి ప్యాకీ వంటింట్లో రిహార్సల్.
యూనన్ చేతిలో బీన్సు పళ్ళెం స్టీరింగు,
నేను ఊపిరాడకుండా చదువుతుంటే
ప్యాకీ వాళ్ళమ్మ, జపమాల మధ్యలో ఆపి,
"ఎవరికోసమే అంత ప్రార్థన?" అని అడిగింది.

ఇక ఇల్లిల్లూ తిరగడం మిగిలింది.
వచ్చే శనివారం రోడ్డు మూస్తాం, మన్నించండి అని
కాగితం చేతికిచ్చి నవ్వాలి.
ఒకాయనకి ఆ రోజే గడ్డి లారీ.
ఒకావిడ మనవడికి జ్ఞానస్నానం.
ఇంకొకాయన కుక్కని పిలిచి
"వీళ్ళేరా" అని మమ్మల్ని చూపించాడు.

చివరిది ఊనా మెక్‌గిన్లీ ఇల్లు.
సరిగ్గా మలుపు కడుపులో కట్టారు.
ఆమెకి చూపు పోయి తొమ్మిదేళ్ళు.
చదవమంటే చదివాను.
"నా మలుపుకి ఎంత వేశారు?"
నాలుగు అన్నాను.
టీ కప్పు కింద పెట్టింది.
"నలభై ఏళ్ళుగా ఈ గోడకి తల ఆనించి పడుకుంటున్నా.
వచ్చేవాడెవడైనా సులువే అనుకుని వస్తాడు.
సగంలో టైరు అరుస్తుంది.
తర్వాత కాసేపు ఏమీ వినపడదు,
ఆ కాసేపే నాకు పడదు.
మూడు వెయ్యి పిల్లా.
లోపలి అంచు కోయొద్దు,
అక్కడ నా నీళ్ళ మీటరు మూతుంది."

తిరుగుదారిలో యూనన్ మొహం మాడ్చుకున్నాడు.
కళ్ళు లేని ముసలమ్మ మాటకి రెండు సెకన్లు పోతాయట.
కళ్ళున్న నువ్వు నాలుగన్నావుగా అంది రోషీన్.
రొట్టెల బండిలో ఆరుమైళ్ళూ
ఎవరం మాట్లాడలేదు.

శుక్రవారం తనిఖీ.
కారు నెగ్గింది, ఒక బల్బు ఓడింది.
నెంబరు ఎనభై ఏడు, కాస్త వంకరగా అతికింది.
వాన ఆగి, దాని బదులు మంచు మొదలైంది;
తడికని తెచ్చిన టైర్ల వంక
ప్యాకీ అప్పులవాణ్ణి చూసినట్టు చూస్తున్నాడు.

ఇప్పుడు పదకొండు. నిద్ర రాదు.
దీపం వెయ్యకుండా పుస్తకం తడుముతున్నాను.
పదిహేడో పేజీలో మూడు రాశాను గాని
చెరిపిన నాలుగు కాగితంలో గుంటపడి
ఇంకా వేలికి తగులుతోంది.