స్కోర్‌షీటులో లేని గడి

ఈ టేబుల్ దగ్గర పదకొండేండ్లుగా కూచుంటున్నా.
రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు,
కాయితం ఎగరకుండా పైన ఒక కంకర రాయి.
అనంతపురంలో ఏప్రిల్ సాయంత్రం
సిమెంటు కోర్టు పెనం మాదిరి ఉంటుంది,
నీళ్లు చల్లితే చుయ్యిమంటుంది.

టీ కొట్టు కాడ ప్రతి ఏడూ అదే పంచాయితీ:
దస్తగిరి సారు గొప్పా, చౌడప్ప సారు గొప్పా?

దస్తగిరి సారు జేబులో ఎప్పుడూ సుద్దముక్క.
తినే ప్లేటులో కూడా డిఫెన్స్ పెడతాడు:
మిరపకాయ బజ్జీ మనోడు, ఉల్లిపాయ వాళ్లోడు,
ఉగ్గానిలో వేలితో దారి గీసి
"ఈడ నుంచి ఈడికి రెండే అడుగులు.
మూడోది నీది కాదు" అంటాడు.
తర్వాత మనోణ్ని, వాళ్లోణ్ని కలిపి తినేస్తాడు.

చౌడప్ప సారు గీత గీయడం నేనెప్పుడూ చూడలా.
ఆయన బస్టాండుల్లో నిలబడతాడు.
కళ్యాణదుర్గం, ఉరవకొండ, రాయదుర్గం.
బస్సు టాపు మీదికి మూటలందించే పిల్లోళ్ల
చేతులు చూస్తాడు.
అట్లా దొరికినోడే వన్నూరుస్వామి.
శెనక్కాయల మూట కింది నుంచి విసిరితే
నేరుగా టాపు మీద పడిందంట,
కండక్టరు విజిలు మర్చిపోయినాడంట.
"వానికి నేను నేర్పేదేముంది,
అడ్డం రాకుంటే సాలు" అంటాడు చౌడప్ప సారు.

ఇద్దరినీ నేనెరుగుదును.
నా పద్దెనిమిదో ఏట చౌడప్ప సారు నా మణికట్టు పట్టుకొని
ఆశ వదులుకున్న వైద్యుడి మాదిరి
తల అడ్డంగా ఊపాడు.
దస్తగిరి సారు పేరైనా అడగలేదు.
నేల మీద ఒక సున్నా చుట్టి
"ఇది నువ్వు" అన్నాడు.
రెండేండ్లు ఆ సున్నాలో నిలబడ్డా.
బంతి నా దగ్గరికి రావడం ఆయన లెక్కలో లేదు;
నేను నిలబడితే ఇంకొకడికి దారి దొరుకుతుంది, అంతే.
ఏది ఎక్కువ నొప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు.
గెలిచిన రోజు మాత్రం
సున్నా కూడా ఎగిరింది.

పోయినేడు ఫైనల్.
దస్తగిరి సారు పిల్లోళ్లు ఐదుగురూ పొట్టోళ్లే.
వన్నూరుస్వామికి ఇద్దర్ని కాపలా పెట్టి
ఎడమకే దారి విడిచాడు,
ఆ దారి చివర ఇంకొకణ్ని నిలబెట్టి.
ఎద్దును దొడ్లోకి తోలినట్టు.
సగం ఆటకు వాడివి ఆరే పాయింట్లు. నేనే రాశాను.
చౌడప్ప సారు టైమౌట్ అడిగి
నీళ్ల సీసా చేతికిచ్చి "తాగు" అన్నాడు.
ఇంకో మాట లేదు.

ఆఖరి నిమిషం. ఒక్క పాయింటు తేడా.
ముగ్గురు మీద పడ్డారు.
వాడు గాల్లోకి లేచాడు, జనమంతా లేచారు,
వాడి పద్నాలుగో నంబరు రాయడానికి
నేనూ పెన్సిలు పట్టుకొని లేచా.
వాడు వేయలేదు.
చూడకుండానే మూలకు వదిలాడు,
ఏడాదంతా బెంచీ మీద తువాళ్లు మడిచినోడికి,
కళ్లజోడుకు రబ్బరుబ్యాండు కట్టుకున్నోడికి,
ఇద్దరు ఐదు ఫౌళ్లయి బయటికొస్తే
గతిలేక దింపిన పిల్లోడికి.
బంతి రింగు మీద రెండు మార్లు తిరిగింది.
ఆలోచించుకుంది.
పడింది.

ఆ పాసు ఎవరి లెక్కలో రాయాలి?
సుద్ద గీతల్లో లేదది. బస్టాండులో దొరికే సరుకూ కాదు.
ఓడిపోయిన దస్తగిరి సారు
సుద్ద దుమ్ము లేచేటట్టు చప్పట్లు కొట్టాడు.
గెలిచిన చౌడప్ప సారు నా టేబుల్ కాడికొచ్చి
గొంతు తగ్గించి అడిగాడు:
"ఆ బంతి ఏసినోని పేరేంది?"
చెప్పాను.
సరిగా వినబడలేదంటే మళ్లీ చెప్పాను.

టీ కొట్టు నారపరెడ్డి గ్లాసులు కడుగుతూ అన్నాడు:
"విత్తనం గొప్పా, సేద్యం గొప్పా అని
మా నాయనా చిన్నాయనా జీవితాంతం కొట్లాడిరి.
ఇద్దరి అప్పూ ఒకే బ్యాంకులో ఉండె."

రాత్రి ఇంట్లో షీటు సాపు చేస్తూ
అంచున, గడులకు బయట,
ఒక సున్నా చుట్టాను.
లోపల ఫక్రుద్దీన్ అని రాశాను,
ఇరుకైనా పట్టింది.
అసోసియేషన్ వాళ్లు అడిగితే
పెన్సిలు జారిందని చెప్తా.