బండి ఱ

మా తాత రాతలో మా ఇంటిపేరుకు
రెండు బండి ఱలు.
గొఱ్ఱెల.
పలక మీద బలపంతో రాసి చూపించి
"ఇది మనం" అన్నాడంట మా నాయినతో.
పలక పగిలింది. బండి ఱ ను బడిలోంచి తీసేసినారు.
మా నాయిన మామూలు ర తో సర్దుకున్యాడు.

రిటైరైనంక మూడు రూళ్ళ పుస్తకాలు కొనుక్కోని
కళ్యాణదుర్గం తాలూకాఫీసు మెట్లెక్కినా.
రికార్డు రూములో ఓబులేసు అని ఒకాయన
తువ్వాలతో కట్టల మీద దుమ్ము కొడతా
"ఏ పేరని ఎతకాల సార్?" అన్నాడు.
ఏ పేరని చెప్పేది?

బళ్ళారి జిల్లాలో ఉన్ననాటి కట్టలో
శానుభోగుడు మా పేరును వినలేదు,
అర్థం చేసుకున్యాడు.
కన్నడంలోకి తిప్పి కురి ముద్దన్న అని రాసినాడు.
దొరగారి గుమాస్తా ఇంగ్లీషులో దాన్ని సాగదీసినాడు.
మళ్ళా తెలుగులోకి తెచ్చినోడు
దీర్ఘాన్ని ఉంచుకోని గొర్రెను వదిలేసినాడు.
అట్లా కుందుర్పి దిక్కున నాలుగెకరాల ఎర్రనేల
కూరి వాళ్ళదయింది.
కూరి వాళ్ళు అని ఎవరూ ఎప్పుడూ పుట్టలేదు.

మా పెద్దనాయిన కరియప్ప
గుంతకల్లులో రైలు పనికి చేరిన రోజు
టైపు మిషన్లో ఆర్ ఒకటి అంటుకోలేదు,
ఎల్ రెండుసార్లు పడింది.
పింఛను కాగితం దాకా ఆయన గోరెల్ల.
కొడుకు దాన్ని గోరెళ్ళ చేసి
కర్నూలులో ఇల్లు కట్టి
గేటుకు ఇత్తడి పలక కొట్టించినాడు.
మనమరాలి పెండ్లి పత్రికలో గౌరెళ్ళ.
గౌరమ్మ పేరు మీద వచ్చిందంట,
ఎవరో పంతులు చెప్పినాడంట.

నాకు నవ్వొచ్చింది.
కొంచెం సేపటికి పోయింది.
ఎనిమిదో తరగతిలో వెనక బెంచీ నుంచి
"బ్యా" అని అరిచినోళ్ళు గుర్తొచ్చినారు.
ఆ ఏడాదంతా నేనూ జి. సిద్ధప్పనే,
జి పక్కన చుక్కలో
మందనంతా దాచిపెట్టి.

చావుల పుస్తకంలో ఒక వరస:
గొర్ల తిమ్మక్క, ఆరేండ్లు, జరము.
గొర్ల అంటే ఇంటిపేరో
ఆ పిల్ల కాసే పనో.
ఓబులేసు భూతద్దం పెట్టి చూసి
"రెండూ కావచ్చు సార్" అన్నాడు.
రాసుకున్యా. పక్కన ప్రశ్న గుర్తు పెట్టినా.
ఇంటికొచ్చి అన్నం తిన్నంక
ఆ గుర్తును కొట్టేసినా.

ఆఖరికి పాసుబుక్కు నంబరు పట్టుకోని
ఆ నాలుగెకరాల కాడికే పోయినా.
గట్టు మీద ఒక ముసలాయన, మాళప్ప,
ఎండలో కంబళి కప్పుకోని నిలబడి ఉండాడు.
"మీరు కూరి వాళ్ళా?"
"పాసుబుక్కులోనే అప్పా కూరి. ఊర్లో గొర్లోళ్ళం."
నా పుస్తకం తెరిచి పేర్లన్నీ చూపించినా,
ఒకదాని కింద ఒకటి, ఎర్రగీతలతో.
ఆయన పుస్తకాన్ని కాదు, నన్ను చూసినాడు.
"చదువు రాదు. మీదేం కోత?"

కోత.
యాభై ఏండ్లుగా నన్నెవరూ అడగని మాట.
మందలు కలిసిపోతే ఎవరివి ఎవరివో తెలిసేదానికి
పిల్లకు ఈనిన పది రోజులకే చెవిలో పెట్టే గాటు.
మా నాయిన బ్యాంకు గుమాస్తా అయినంక కూడా
నిద్రలో గొణిగేవాడు.
అది నోట్లో నుంచి దానంతటదే వచ్చింది:
"ఎడమ చెవి కొస. కుడి చెవికి మీద గాటు."

మాళప్ప ఏమీ అనలేదు.
పక్కనుంచి పోయే గొర్రెను కాలు పట్టి ఆపి
దాని తల నా పక్కకు తిప్పినాడు.
ఎడమ చెవికి కొస లేదు.
కుడి చెవిని నేనే పట్టుకోని చూసినా.
గాటు అంచు మెత్తగా, వెచ్చగా ఉండాది.
గొర్రె విదిలించుకోని పోయింది, దానికి మేత పని.

"ఎవురి కొడుకువప్పా నువ్వు?" అన్నాడు అప్పుడు.

ఆ రాత్రి బస్సులో మూడో పుస్తకం తీసినా.
ఆ పేజీలో అక్షరం ఒక్కటీ లేదు.
రెండు చెవులు గీసినా.
రోడ్డు గుంతలు కదా, బాగా రాలేదు.