బల్లకి రెండు కొసలు

ఆఫీసు అద్దె దండగన్నాయి రెండు కంపెనీలూ, ఒకే నెలలో.
సర్దుకుందాంలే, అన్నాడు తిహోమిర్.
ఇంట్లో ఉన్నది ఒక్క బల్ల.
కిటికీ కొస నాది, పొయ్యి కొస అతనిది.
మధ్యలో ఉప్పు డబ్బా, సరిహద్దు రాయి.

నేను పడవలకి వేళలు రాస్తాను.
ఏడుంబావుకి ఒక దీవి, ఎనిమిదింటికి ఇంకొకటి,
గాలి లేస్తే అన్నీ కొట్టేసి మళ్లీ మొదట్నించి.
దానికి నిశ్శబ్దం కావాలి.

అతను వినపడనివాళ్లతో మాట్లాడతాడు.
వినికిడి యంత్రాల కంపెనీకి ఫిర్యాదుల గొంతు.
"అమ్మా, చిన్న చక్రం ఉందే, దాన్ని కుడికి,
కుడికమ్మా, మీరు చెంచా పట్టుకునే చేతివైపు"
అని రోజుకి నలభైసార్లు,
ఐదో అంతస్తు అద్దాలు అదిరేలా.

మొదటి వారం నా లెక్కల్లో
ఒక పడవ రెండుసార్లు బయల్దేరింది.
ఒకటి అసలు తిరిగే రాలేదు.
రెండో వారం చెవుల్లో దూది.
మూడో వారం ఇస్త్రీబల్ల మడత విప్పి
స్నానాలగదిలో కూర్చున్నాను.
బట్టల మెషిన్ తిరిగినంతసేపూ
దీవులన్నీ వణికాయి.

నిజం చెప్పనా, గొంతు పెద్దదని కాదు నా మంట.
ఆ ఓపిక.
పధ్నాలుగేళ్లలో నాకు ఏదీ రెండోసారి చెప్పని మనిషి
ఎవరో ముసలావిడకి ఏడోసారి, అదే మొదటిసారైనట్టు,
బాటరీ మార్చడం నేర్పుతున్నాడు.
నవ్వుతున్నాడు కూడా. ఆ నవ్వు మా పెళ్లిలో చూశాను,
తర్వాత ఎక్కడ పెట్టామో మర్చిపోయాం.

సాయంత్రం కంప్యూటర్ మూత మూశాక
మాటల డబ్బా అడుగంటేది.
"చేపలు వేయించనా, ఉడకబెట్టనా?" అని
పొయ్యి దగ్గర్నించి అడిగితే జవాబుండదు.
కిటికీలోంచి రేవులో క్రేన్లు చూస్తుంటాడు.
రోజంతా ఊరికి పంచి
నాకు గిన్నె కడిగిన నీళ్లు, అనుకునేదాన్ని.
అలా అనుకోవడంలో ఒక సుఖముంటుంది,
నొప్పి పన్నుని నాలుకతో నొక్కుతున్నట్టు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
కొండల మీంచి బురా గాలి దిగింది.
రియెకా రేవు మూసేశారు. నాకు పని లేదు,
దీవులకి ఎవరూ వెళ్లడం లేదు.
ఊరికే కూర్చుని అతన్ని చూశాను,
ఇంత పగటి వెలుతురులో, ఇంతసేపు, మొదటిసారి.

ఫోను మోగింది. ఎడమ చేత్తో తీశాడు,
తల వెనకనించి తిప్పి కుడి చెవికి పెట్టుకున్నాడు.
మళ్లీ మోగింది. మళ్లీ అంతే.
మధ్యాహ్నం దాకా పదకొండు ఫోన్లు.
పదకొండుసార్లు ఆ చెయ్యి
పక్కనే ఉన్న గుమ్మం వదిలేసి
చుట్టుదారిన వెళ్లింది.

లేచి అతని ఎడమ పక్కన నిలబడ్డాను.
"తిహో," అన్నాను. ఉప్పు అందుకోమనే గొంతుతో.
"తిహో, కాఫీ పొంగిపోతోంది."
క్రేన్లు చూస్తున్నాడు.

పొయ్యి అతనికి ఎడమవైపు.
మంచం మీద నేనుండేది ఎడమవైపు, సోఫాలోనూ.
కారులోనే బాగా మాట్లాడుకునేవాళ్లం.
ఎందుకో అనుకునేదాన్ని.
అతను నడిపేవాడు, నేను కుడివైపు.

ఎన్నేళ్లుగా, అని అడగలేదు.
తెలియక కాదు కదా.
బీరువా మీద పెట్టెలో పదహారు రకాల నమూనాలు,
ఒంటిరంగువి, వెంట్రుక రంగువి,
ఒక్కటీ తనకోసం తీసుకోలేదు.
ఆ సంగతి ఇంకో రోజు, గాలి లేనప్పుడు.

ఆ రాత్రే బల్లని ఈడ్చాను.
నేల మీద పొడుగ్గా గీత పడింది.
కింద అంతస్తు ద్రాగిత్సా
చీపురు కర్రతో కప్పు పొడిచింది.
"ఈ వేళప్పుడా?" అన్నాడు.
"సర్దుతున్నాను," అన్నాను.
అతని కుడివైపునించే అన్నాను.

ఉప్పు డబ్బా అలమరలోకి పోయింది.
పొద్దున మా మోచేతులు గుద్దుకుంటున్నాయి.
"అమ్మా, చిన్న చక్రం" అని అరుస్తున్నాడు,
ఎనిమిదింటి పడవ మళ్లీ తప్పు దీవికి వెళ్లింది.
రెండు ఫోన్ల మధ్య సందులో
పెదాలు పెద్దగా కదపకుండా
"ఇవాళ సార్డీన్లు," అన్నాను.

"వేయించు," అన్నాడు,
తెర మీంచి కళ్లు తీయకుండా.