పదమూడో ఎక్కం

మా ఇంట్లో మెట్లు పదిహేడు.
స్విచ్చు ఒక్కటే, కింద, కోట్లు తగిలించే చోట.
అక్క గది పైన.
ఆర్పి చీకట్లో ఎక్కాలి,
లేదా ఎక్కినదల్లా ఆర్పడానికి మళ్ళీ దిగాలి.
ఈ తిరకాసు ఎవరు కట్టారో గాని
కీత్లీలో ఈ వీధి ఇళ్ళన్నీ ఇంతేనట.

అక్కకి రేచీకటి.
పగలు మందుల షాపులో
చీమ తలంత అక్షరాలు చదివి సీసాలు సర్దే మనిషి,
డిసెంబరులో నాలుగు దాటితే చాలు
గోడల్ని అరచేత్తో దారి అడుగుతుంది.
వెలుగుతూ వదిలెయ్యొచ్చుగా అంటే
"ఇదేమన్నా ఆస్పత్రి వార్డా" అంటుంది.

మొదట, కదిలితే వెలిగే దీపం కొన్నాం.
పిల్లి నడిచినా వెలిగింది.
అక్క మలుపులో ఆయాసంతో ఆగితే
ఆరిపోయింది.
కదలని మనిషిని లేని మనిషి కింద జమకట్టింది.
ఆ రాత్రే పీకేశాను.
తర్వాత, చెబితే ఆరే బల్బు తెచ్చాను.
"ముక్కూ మొహం లేనిదాంతో నాకేం మాటలు" అంది వకుళక్క.

మార్కెట్ వెనక సందులో
మేకులు తూకానికి అమ్మే కొట్లో
ఓల్డ్‌రాయిడ్ గారు నా గోడంతా విని
పై అరలోంచి దుమ్ము పట్టిన పెట్టె దించాడు.
లావుపాటి బొత్తాం ఉన్న గోధుమరంగు స్విచ్చు.
బొటనవేలితో లోపలికంటా నొక్కాడు.
అలిగిన మనిషి ఒక్కో మెట్టూ దిగొచ్చినట్టు
అది తన తీరికన బయటికొచ్చింది.
లోపల గడియారం ఏమీ లేదన్నాడు,
సన్నటి బెజ్జంలోంచి దూరే గాలే, అంతే.
"ఎంతసేపు కావాలి నీకు?"

నాకు తెలీలేదు.
మూడేళ్ళు ఒకే కప్పు కింద ఉండి
ఆవిడ ఎక్కడానికి ఎంతసేపో తెలీలేదు.

ఇంటికొచ్చి అడిగితే అక్క సిగ్గుపడింది.
ఎక్కేటప్పుడు క్షణాలు లెక్కపెట్టదట,
లోలోపల పదమూడో ఎక్కం చదువుకుంటుందట.
చిన్నప్పుడు నోటికి రానిది అదొక్కటే.
గోడకుర్చీ వేయించి మరీ నేర్పారు గనక
మోకాళ్ళకే గుర్తుందట.
పదమూడు అయిదులు అరవై అయిదు దగ్గర మలుపు,
పదమూడు ఎనిమిదులు నూట నాలుగుకి గుమ్మం.

ఆదివారం మధ్యాహ్నమంతా
కింద నేను, స్క్రూడ్రైవరుతో,
మెట్ల మీద అక్క, బడిపిల్లలా అప్పజెబుతూ.
మర కాస్త ఎక్కువ తిప్పితే పదమూడు మూళ్ళకే చీకటి,
ఇటు తిప్పితే నూట ముప్పై దాటినా ఆరదు.
"తొమ్మిదులకి ఆరేట్టు పెట్టరా" అంది చివరికి,
"ఒకటి మిగలాలి, దుప్పటి వెతుక్కోవద్దూ."

ఇప్పుడు రాత్రుళ్ళు
తలుపు సందులోంచి ఆ వెలుగునే చూస్తూ పడుకుంటాను.
ఆరిందంటే చేరిందని.
చీకటి పడితే స్థిమితపడటం
ఈ ఇంట్లోనే నేర్చుకున్నాను.

మొన్న, వాన,
దీపం ఆరింది.
పైన తలుపు చప్పుడు కాలేదు.
లేచి మెట్ల మొదట్లోకి వెళ్తే
మలుపు దగ్గర్నుంచి, గుక్క తిప్పుకుంటూ, అక్క గొంతు:
"పదమూడు ఆరులు..."

ఆగింది.

"ఎంతరా?"

"డెబ్బై ఎనిమిది" అన్నాను,
చేత్తో తడిమి
బొత్తాం నొక్కుతూ.